శిలాశైథిల్యం, క్రమక్షయం: పిల్లల చేత చేయించి నేర్పడం ఎలా?

ప్రశ్న: చెల్కనేల

అందరికీ నమస్కారం. నేను భువనగిరి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. శిలాశైథిల్యం (రాయి ఉన్నచోటే గుల్లబారడం), క్రమక్షయం (గుల్లబారిన రాయి, మట్టి కొట్టుకుపోవడం) పాఠం ఈసారి కేవలం చదివించి వదిలేయకూడదని, పిల్లల చేతనే ప్రయోగాలు చేయించాలని నిశ్చయించుకున్నాను. చేయించిన రెండు ప్రయోగాలూ నేననుకున్నట్లు జరగలేదు.

మొదటిది సుద్దముక్క ప్రయోగం. వెనిగర్‌లో సుద్దముక్క వేస్తే బుడగలు వచ్చి కరిగిపోతుందని, వాననీటిలోని ఆమ్లం రాళ్లను కరిగించే తీరుకు అది మంచి ఉదాహరణ అని చదివి, నాలుగు గాజు గ్లాసుల్లో వెనిగర్ పోసి సుద్దముక్కలు వేయించాను. పిల్లలు గ్లాసుల చుట్టూ మూగి పది నిమిషాలు కళ్లార్పకుండా చూశారు. సుద్ద మెత్తబడింది తప్ప ఒక్క బుడగ కూడా రాలేదు. రెండోది ఇసుక పళ్లెం. పెద్ద రేకు పళ్లెంలో ఇసుకతో చిన్న కొండ కట్టి, మగ్గుతో నీళ్లు పోయించాను. కొండంతా ఒక్కసారిగా కూలి బురదయింది. పిల్లలకు సంతోషం కలిగింది కానీ, మరుసటి రోజు అడిగితే ముప్పై ఆరు మందిలో ఎక్కువమంది “రెండూ ఒకటేనండీ, నీళ్లకు రాయి అరిగిపోవడం” అని రాశారు.

మా పాఠశాల కిటికీలోంచి చూస్తే భువనగిరి కొండ కనబడుతుంది. ఊరి చుట్టూ గుండ్లే. ఇన్ని రాళ్ల మధ్య పెరుగుతున్న పిల్లలకు రాయి సంగతి నేను అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నానన్న బాధ ఉంది. ప్రయోగశాల లేదు, ఖర్చు పెట్టగలిగింది కొద్దిగా మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడా పిల్లల మనసులో నిలిచేలా ఏం చేయించవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: నాపరాయి

నమస్కారం మేడమ్ గారూ. నేను కడప జిల్లాలో ముప్పై ఏళ్లు భౌతిక రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేశాను. మీ సుద్దముక్క విషయంలో మీ తప్పు ఏమీ లేదు. ఆ ప్రయోగం కాల్షియం కార్బొనేటుతో చేసిన సుద్ద కోసం రాసినది. మన బడులకు వచ్చే మామూలు సుద్దముక్కల్లో చాలావరకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో, అంటే జిప్సంతో పోతపోసినవి. జిప్సం కాల్షియం సల్ఫేటు కనుక వెనిగర్‌కు పొంగదు. ఈ సంగతి తెలియక ప్రయోగం చెడిపోయిందని ఊరుకున్న ఉపాధ్యాయులను నేను చాలామందిని చూశాను. నేను కూడా మొదటి ఏడు అలాగే ఊరుకున్నాను.

సుద్దకు బదులు కోడిగుడ్డు పెంకు, చెరువు గట్టున దొరికే నత్తగుల్ల, ఆల్చిప్ప వాడండి. మూడూ కాల్షియం కార్బొనేటే. పూర్వం గుల్లలను కాల్చే గుల్లసున్నం తీసేవారు కదా. పెంకును వెనిగర్‌లో వేసిన వెంటనే దాని చుట్టూ సన్నని బుడగలు ముత్యాల్లా పట్టుకుంటాయి, ఒకటి రెండు రోజుల్లో పెంకు పోయి పలుచని పొర మిగులుతుంది.

అయితే అంతకంటే మంచి వస్తువు మీ పిల్లల కాళ్ల కిందే ఉండవచ్చు. మీ పాఠశాల వరండాలో పరిచినవి షాబాద్ బండలో, తాండూరు నాపరాళ్లో అయితే అవి సున్నపురాయి జాతివే. మా వైపు వంటింటి గట్టు మీద వేసే నల్లటి కడప బండ కూడా అంతే. నిమ్మకాయ కోసి అదే గట్టు మీద కాసేపు వదిలేస్తే, నల్లని నునుపు మీద తెల్లబారిన గుండ్రని మరక పడుతుంది, అది ఎంత తోమినా పోదు. పోకపోవడానికి కారణం అది రాయికి అంటిన మచ్చ కాకపోవడమే. అక్కడ రాయి పైపొర కరిగిపోయి నునుపు పోయింది. ఆ మరక మీద వేలితో రుద్ది చూడమనండి, గరుకు తగులుతుంది. ఇళ్లకు వెళ్లి అమ్మనడిగి అలాంటి మరక ఎక్కడుందో వెతికి రమ్మని చెప్పడమే మొదటి ప్రయోగం.

బడిలో చేయాలంటే పగిలిన బండముక్క ఒకటి తెచ్చి, దాన్ని మేకుతో గీకి, రాలిన పొడి మీద వెనిగర్ చుక్క వేయండి. గట్టి రాయి మీద బుడగలు సరిగా కనబడకపోయినా పొడి మీద కనబడతాయి. అప్పుడే ఇంకో ప్రశ్న వేయవచ్చు: బండముక్క కంటే పొడి తొందరగా ఎందుకు పొంగింది? పగుళ్లు పెరిగిన కొద్దీ నీరు తగిలే మేర పెరుగుతుందన్న విషయం వాళ్లే చెబుతారు. పక్కనే మీ ఊరి గ్రానైటు ముక్క ఒకటి పెట్టి దాని మీదా చుక్క వేయించండి. ఏమీ కాదు. ఏమీ కాకపోవడం కూడా పిల్లలు చూడాలి. అన్ని రాళ్లూ ఒకేలా గుల్లబారవని తెలియడానికి అదే దారి.

ఈ ఒక్క చుక్కను బేలుం గుహల దాకా తీసుకెళ్లవచ్చు. నంద్యాల జిల్లాలో, నేల కింద 3,229 మీటర్ల పొడవున ఉన్న ఆ గుహలు, వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించడం వల్ల ఏర్పడ్డవే. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో వాటి గురించి రాసిపెట్టాడు. వంటింటి గట్టు మీద పడ్డ మరకా, ఆ గుహా ఒకే పని ఫలితాలని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు ఎలా మారతాయో మీరే చూస్తారు.

ఇక రాయి అరగడం చూపడానికి కలకండ ముక్కలను సీసాలో వేసి ఊపమని చాలాచోట్ల రాస్తారు. నాకు అది నచ్చదు. పిల్లలు తినేస్తారు, పైగా కలకండ నీటిలో కరుగుతుంది కనుక అరగడమూ కరగడమూ కలిసిపోతాయి. ఇటుక ముక్కలు వాడండి. పదునైన అంచులున్న ముక్కలు పది ఏరి, వాటి అంచుల చుట్టూ కాగితం మీద గీత గీయించి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సగం నీళ్లతో వేసి, ఒక్కో జట్టు చేత వందేసి సార్లు ఊపించండి. మూడు వందలు దాటేసరికి నీళ్లు ఎర్రబడతాయి, ముక్కల మూలలు గుండ్రబడతాయి. ముక్కలను తిరిగి మొదటి గీత మీద పెడితే ఎంత పోయిందో కంటికి కనబడుతుంది. ఏటి ఒడ్డున గులకరాళ్లు నున్నగా ఎందుకుంటాయన్న ప్రశ్నకు ఇక మీరు జవాబు చెప్పనక్కర్లేదు.

జవాబు: గట్టుమీద

నేను భూసార సంరక్షణ పనుల్లో పాలమూరు, అనంతపురం వైపు చాలాకాలం తిరిగినవాణ్ణి. నాపరాయి మాస్టారు చెప్పినవన్నీ విలువైనవే. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. సీసాలు, గ్లాసులు తర్వాత. ముందు పిల్లలను ఒక వాన పడ్డ మరుసటి ఉదయం బయటికి తీసుకెళ్లండి. మేడమ్ గారు అడిగిన తేడా అక్కడ స్పష్టంగా కనబడినట్లు పళ్లెంలో కనబడదు.

పాఠశాల గోడ అడుగు భాగం చూపండి. తెల్ల సున్నం మీద మోకాలి ఎత్తు వరకు ఎర్రటి తుంపర మరకలుంటాయి. ఆ మట్టి అంత ఎత్తుకు ఎలా ఎక్కింది? పెద్ద వానచినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. తాకిన చోట మట్టిరేణువులు చిమ్ముతాయి. నేలకోత పారే నీటితో కాకుండా ఆ చినుకుతోనే మొదలవుతుందన్న సంగతి చదువుకున్నవారికి కూడా చాలామందికి తెలియదు.

తర్వాత చెట్టు కిందో, చూరు కిందో నేలను వంగి చూడమనండి. చిన్న చిన్న గులకరాళ్లు ఒక్కొక్కటీ అంగుళంలో సగం ఎత్తున్న మట్టి స్తంభం మీద నిలబడి కనబడతాయి. రాయి గొడుగులా కాపాడినంత మేర మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. పిల్లలు ఒక పుల్లతో ఆ ఎత్తు కొలిస్తే ఆ వానల్లో అక్కడ ఎంత నేల పోయిందో తెలిసిపోతుంది. నేను రైతులకు నేలకోత గురించి చెప్పేటప్పుడు పటాలు చూపడం మానేసి, చేను గట్టున కూర్చుని ఈ రాళ్లను చూపడం మొదలుపెట్టాకే వాళ్లు నా మాట వినడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పిల్లలు రెండూ ఒకటే అనడానికి కారణం మీ ఇసుక పళ్లెమే అని నాకనిపిస్తోంది. ఇసుక అప్పటికే చితికిన రాయి. అక్కడ శైథిల్యం జరిగిపోయాక కథ మొదలైంది. మగ్గుతో పోసిన నీళ్లు కొట్టుకుపోవడాన్ని మాత్రమే చూపాయి. అందుకే రెండు పనులనూ విడివిడిగా, మధ్యలో ఒకరోజు విరామం ఇచ్చి చూపండి. మొదటి రోజు ఏదీ కదలకూడదు. రెండు కాగితపు కప్పుల్లో తడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ఒకదానిలో పది పన్నెండు ఎండు శనగలు కలిపి, రెండోది ఉత్తగా ఉంచండి. మరునాటికి శనగలు తడికి ఉబ్బి ఆ దిమ్మెను పగలగొడతాయి. పగిలిన ముక్కలు మాత్రం కప్పులోనే, ఉన్నచోటే ఉంటాయి. పాత గుడి గోడలో మొలిచిన రావిమొక్క చేసే పని అదే. “పగిలింది, కానీ కదిలిందా?” అని అడగండి. అది శైథిల్యం. ఆ తర్వాతి రోజు ఆ ముక్కల మీద నీళ్లు పోసి, కొట్టుకుపోయినవాటిని చూపి, “ఇప్పుడేమైంది?” అని అడగండి. పుస్తకంలోని పదాలు అప్పుడు పరిచయం చేస్తే చాలు. ముందు మన మాటలు వాడండి: రాయి గుల్లబారడం, మట్టి కొట్టుకుపోవడం.

కోతను కొలవడానికి మూడు సీసాల ప్రయోగం చేయించండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు మూడు తీసుకుని, నిలువుగా ఒక పక్క కోసి పడుకోబెట్టండి. మూడింటిలోనూ ఒకే చెల్క మట్టిని, ఒకే మందంలో అదమండి. ఒకటి ఉత్త మట్టిగా ఉండాలి. రెండోదాని మీద ఎండుటాకులో వరిగడ్డో కప్పాలి. మూడోదానిలో వేళ్లతో సహా తవ్వి తెచ్చిన గరిక పాతి, రెండు వారాలు నీరు పోసి పెంచాలి. మూతి వైపు కొంచెం పల్లంగా ఉండేలా మూడింటినీ ఒకే వాలులో పెట్టి, మూతుల కింద గ్లాసులు పెట్టండి. మగ్గుతో పోయవద్దు. వేరే సీసా మూతకు మేకుతో పదిహేను రంధ్రాలు చేసి, జానెడు ఎత్తు నుంచి అరలీటరు నీటిని వానలా చల్లించండి. గ్లాసుల్లోని నీటి రంగు చూసి పిల్లలు వెంటనే అరుస్తారు, కానీ అక్కడితో ఆపవద్దు. రాత్రంతా తేరనిచ్చి, పై నీరు వంచేసి, అడుగు బురదను ఎండబెట్టి తూకం వేయించండి. కొలిచిన పిల్లవాడు మరిచిపోడు.

వీలుంటే నాలుగో సీసాలో మట్టి మీద వేలితో వాలుకు అడ్డంగా చాళ్లు గీయించండి, ఐదోదానిలో వాలు వెంబడే గీయించండి. వాళ్ల నాన్నలు చేను ఎటు దున్నుతారో ఇంటికి వెళ్లి అడుగుతారు.

ఈ బురద ఎంత దూరం పోతుందో చెప్పడానికి తుంగభద్ర జలాశయం మంచి ఉదాహరణ. 1953లో దాని నిల్వ సామర్థ్యం 133 టీఎంసీలు. పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. పిల్లల గ్లాసు అడుగున పేరుకున్నదీ ఆ డ్యాము అడుగున పేరుకున్నదీ ఒకటే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలించారు, మీ పిల్లల ఇళ్లలో ఆ మట్టి తోలుకున్నవారు తప్పక ఉంటారు. చేను నుంచి చెరువుకు పోయిన మట్టిని మళ్లీ ట్రాక్టరులో చేనుకు తెచ్చుకున్నామన్న మాట వాళ్ల తాతల నోట వినిపించండి.

జవాబు: లంకమ్మాయి

మాది కోనసీమలో ఒక లంక గ్రామం. ఉపాధ్యాయురాలిని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. పైన పెద్దలు చెప్పినదానికి ఒక్కటి చేర్చాలనిపించి రాస్తున్నాను. కొట్టుకుపోయిన మట్టి ఎక్కడికి చేరుతుందన్న సగం కథను వదిలేయకండి మేడమ్. మాకు అదే అసలు కథ. మా ఊరు నిలబడి ఉన్న నేలంతా ఎక్కడినుంచో గోదావరి మోసుకొచ్చి మేట వేసిన ఒండ్రే.

వరదల కాలంలో మొదటి ఎర్రనీరు వచ్చినప్పుడు మా నాయనమ్మ బిందెలో నీళ్లు పట్టి, చిల్లగింజను బిందె లోపలి అంచున అరగదీసేది. కాసేపటికి బురద అడుగుకు దిగి పైన తేటనీరు తేలేది. అడుగున మిగిలిన మెత్తటి మట్టిని ఆమె పారబోయకుండా పాదులో పోసేది. మీ పిల్లలకు గోదావరి నీళ్లు దొరకకపోయినా, వాన రోజు ఊరి వాగు నీళ్లు గాజుసీసాలో పట్టి కదపకుండా కిటికీలో ఉంచితే చాలు. ముందు ఇసుక, తర్వాత ఒండ్రు, చివరికి చాలాసేపటికి బంకమట్టి దిగుతాయి. పొరలు వేరువేరుగా కనబడతాయి. నది వేగం తగ్గినచోట ముందు బరువైనది వదిలేస్తుందని మా పిల్లలకు అలాగే అర్థమైంది.

ఇసుక పళ్లెంలో నీళ్లు మగ్గుతో పోయకుండా, ఒక సన్నని గొట్టంతో ధారగా వదిలి, వంపు తిరిగిన చిన్న కాలువ గీసి చూడండి. వంపు బయటి ఒడ్డు కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట పడుతుంది. బయటి ఒడ్డున అగ్గిపుల్లలు గుచ్చి వాటిని కొబ్బరిచెట్లనుకోమనండి. మా ఊరి ఒడ్డు కోతకు గురైన ఏడు మా చిన్నాన్నగారి తోటలో ఎనిమిది చెట్లు కళ్లముందే ఏటిలోకి ఒరిగిపోయాయి. అదే నది అవతలి వైపు కొత్తగా లంక వేసింది. పిల్లలకు ఈ రెండూ ఒకే నీటి పని అని తెలియాలి.

ఇంకొకటి. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతే కింద డెల్టాకు, సముద్రతీరానికి చేరే మట్టి తగ్గుతుంది. ఉప్పాడ తీరాన అలలు రోడ్డునూ ఇళ్లనూ కోసుకుపోవడం మేము చూస్తూనే ఉన్నాం. అక్కడి కోతకు వేరే కారణాలు కూడా ఉన్నాయి, కానీ మట్టి రాకపోతే తీరం నిలవదన్నది పెద్దపిల్లలకు చెప్పవలసిన మాట.

మళ్లీ: చెల్కనేల

మాస్టారికి, గట్టుమీద గారికి, లంకలోని అమ్మకు హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు వారాలు పట్టింది. చేసిన మేరకు చెబుతాను.

మా వరండా నిజంగానే షాబాద్ బండే. గీకిన పొడి మీద వెనిగర్ పొంగగానే వెనక వరుసలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, ఊళ్లో చింతపండుతో ఇత్తడి తోమే గట్టు ఎందుకు గుంటలు పడిందో తనకు తెలిసిందని చెప్పింది. నేను వెళ్లి చూశాను, నిజంగానే బండ మధ్యలో అరచేతి వెడల్పున లోతుపడి ఉంది. అయితే అక్కడ తోముడుకు అరిగింది ఎంత, పులుపుకు కరిగింది ఎంత అని పిల్లలు వాదించుకున్నారు. ఆ వాదనను నేను ఆపలేదు.

గులకరాళ్ల మట్టి స్తంభాలు మా బడి వేపచెట్టు కిందే ఉన్నాయి. పదేళ్లుగా ఆ చెట్టు పక్కనుంచి నడుస్తున్నాను, ఒక్కసారీ చూడలేదు. మూడు సీసాల్లో ఉత్త మట్టి నుంచి వచ్చిన బురద ఎండాక కిరాణా కొట్టు త్రాసులో 40 గ్రాములకు దగ్గరగా తూగింది. ఆకులు కప్పినదాని బురద అందులో నాలుగో వంతు కూడా లేదు. గరిక సీసాది తూచడానికి చాలలేదు. శనగల దిమ్మె మాత్రం మొదటిసారి పగలలేదు, ప్లాస్టర్ మందం ఎక్కువైంది. రెండోసారి పలుచగా పోస్తే మూడు చోట్ల విచ్చింది.

ఇప్పుడు నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి వచ్చింది. భువనగిరి కొండ మీదికి వెళ్లినప్పుడు, రాయి ఉల్లిపాయ పొరల్లా పెచ్చులుగా లేచి ఉండటం పిల్లలు చూశారు. అక్కడ చెట్ల వేళ్లు లేవు, గ్రానైటును వెనిగర్ ఏమీ చేయలేదని వాళ్లే చూశారు. మరి ఆ పెచ్చులు ఎలా లేచాయని అడిగారు.

జవాబు: నాపరాయి

చాలా మంచి ప్రశ్న మేడమ్ గారూ. మీ ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది, భూమి లోపల చాలా లోతున, పైనున్న రాళ్ల బరువు కింద గట్టిపడింది. పైనున్న రాయి కోట్ల ఏళ్లలో గుల్లబారి కొట్టుకుపోయాక ఆ బరువు తగ్గింది, నొక్కి ఉన్న రాయి సడలి పైపొరల్లో పగుళ్లు ఏర్పడ్డాయి. అంటే కోత జరగడమే ఇక్కడ కొత్త శైథిల్యానికి దారి తీసింది. ఎండకు వేడెక్కి రాత్రికి చల్లారడం, పగుళ్లలోకి నీరు దిగడం ఆ పెచ్చులను మరింత వదులుచేస్తాయి. పూర్వం మన వడ్డెర పనివారు బండ మీద మంట పెట్టి పొరలు లేపేవారు. ఆ పనిని దగ్గరగా చూసిన పెద్దలు మీ ఊళ్లో ఉంటే బడికి పిలిపించండి. రాళ్లను వేడిచేసి నీళ్లలో ముంచే ప్రయోగం మాత్రం పిల్లల చేత చేయించవద్దు, ముక్కలు ఎగిరి కళ్లలో పడతాయి.

వెనిగర్ గ్రానైటును ఏమీ చేయలేదన్నది పది నిమిషాల మాట. అదే కొండ కింద మొరం ఒక గుప్పెడు తెచ్చి నీళ్ల సీసాలో వేసి ఊపించండి. ముందు దిగే గట్టి గింజలు పలుగురాయివి, మధ్యలో తళతళలాడేది కాకిబంగారం (అభ్రకం), చివరి వరకు నీటిని మసకగా ఉంచేది బంకమట్టి. గ్రానైటులోని గులాబి, తెలుపు రంగు గింజలైన ఫెల్డ్‌స్పార్‌ను నీరు ఎన్నో వేల ఏళ్లు పట్టి ఆ బంకమట్టిగా మార్చింది. ఒక చేతిలో గ్రానైటు ముక్క, మరో చేతిలో ఆ సీసా పట్టుకొని, రాయిలో ఉన్న గింజలు సీసాలో ఎక్కడున్నాయో, ఏది కనబడకుండా పోయిందో వెతకమనండి.